మెల్లగా పైకొచ్చిన రాయి

తెనాలిలో ఎక్కిన రేపల్లె పాసింజరు భట్టిప్రోలు దాటగానే జాన్ సైదా కిటికీ వైపు జరిగాడు.

"అదిగో మున్నీ, మా రిగ్గు నిలబడింది ఆ చేలోనే."

అతని భార్య మున్నీ బీ నవ్వింది. ఈ దారిలో వచ్చినప్పుడల్లా ఆ మాట వింటూనే ఉంది.

పాతికేళ్ళ కిందటి సంగతి. అక్కడ గ్యాస్ కోసం రిగ్గు నిలబెట్టి బావి తవ్వుతుంటే పైపులు పైకి లాగే యంత్రం సైదా చేతిలో ఉండేది. మూడు కిలోమీటర్ల లోతున రాతిని నిలువుగా కోసి, గొట్టంలో పైకి తెచ్చేవారు. మొదటిసారి గొట్టం తెరిస్తే రాయి అప్పడాల్లా పగిలి ఉంది. పరీక్షకు పనికిరాదని జియాలజిస్టు శేషగిరి తల పట్టుకున్నాడు.

"సార్, ఆ రాయిలో గ్యాస్ ఉంటుందాండి?" అన్నాడు సైదా.

"ఉంటుంది. ఏం?"

"నిజాంపట్నంలో బోటు మీద పనిచేసేటప్పుడు, లోతు నీళ్ళలోంచి చేపను గబగబా లాగితే పొట్ట ఉబ్బిపోయేదండి. బోటు నడిపే కొండయ్య మావ తిట్టేవాడు. రాయికీ అంతేనేమో."

శేషగిరి అతని వంక ఆశ్చర్యంగా చూశాడు. "అంతే సైదా. పైకొచ్చేకొద్దీ లోపలి గ్యాస్ ఉబ్బి రాయిని చీలుస్తుంది. ఆగి ఆగి లాగాలి. టైం లేదంటారు, నా మాట ఎవరు వింటారు?"

"నేను వింటానండి."

రెండోసారి, చివరి మూడొందల మీటర్లలో ఒక్కో పైపు దగ్గరా సైదా ఆగాడు.

"ఏంటయ్యా, నిద్రపోతున్నావా?" షిఫ్టు ఇన్‌ఛార్జి రమేష్ బాబు కిందనుంచి అరిచాడు.

"వస్తందండి, వస్తంది!" అంటూనే సైదా బ్రేకు మీద చెయ్యి తీయలేదు. ఆ పూటంతా అలాగే గడిచింది.

గొట్టం తెరిచారు. అడుగున జానెడు ముక్క విరిగింది, అంతే. మిగతాదంతా నిగనిగలాడుతూ, ఒంటి మీద సన్నటి బుడగలతో పడుకుని ఉంది. శేషగిరి సైదా చెయ్యి పట్టుకుని దాని మీద ఆనించాడు.

బావిలో చాలినంత గ్యాస్ లేదని తర్వాత మూసేశారు. రిగ్గు వెళ్ళిపోయింది. చేలో మళ్ళీ వరి వేశారు.

"ఆరోజు ఇంటికొచ్చి చెయ్యి కడుక్కోకుండానే అన్నానికి కూర్చున్నారు. నేను తిట్టాను కూడా," అంది మున్నీ బీ.

"అవును కదా!" ఆ సంగతి సైదాకే గుర్తులేదు.

"ఆ రాయి ఇప్పుడెక్కడుందో?"

"ఏదో గోడౌన్లో పెట్టెలో ఉంటుంది. నంబరేసి దాచుతారు."

"మీ పేరు రాశారా?"

"రాళ్ళ మీద మన పేర్లెందుకు రాస్తారే!" అని సైదా పకపకా నవ్వాడు. ఎదుటి సీటువాళ్ళు తిరిగి చూశారు. చేను ఎప్పుడో వెనక్కి పోయింది. అయినా అతను కిటికీ వదల్లేదు.