గులాబీరంగు గింజ మింగిన శీలావతి

నేను చదివింది ఐదో తరగతి. మా ఊరి మిషను బడిలో ఆ ఏడు పాసైన ఆడపిల్లలం ఇద్దరమే, అందులో నేనొకర్తెను. ముప్పై ఏళ్లు రాజోలు సంతలో చేపలు అమ్మాను. లోవమ్మ కుళ్లిన చేప అంటగట్టిందన్న మాట ఎవరి నోటా రానివ్వలేదు. మొప్ప ఎత్తి చూస్తే చాలు, అది ఎప్పుడు పట్టిన చేపో చెప్పేసేదాన్ని. మొప్ప చెప్పని సంగతి కూడా ఒకటి ఉంటుందని పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో తెలిసింది. అదీ రాస్తున్నాను.

ఆ ఏడు నారుమళ్ల రోజుల్లో మా ఆయన ఎర్రయ్య, వైనతేయ గోదావరిలో కలిసే మురుగు కాలువ మొగలో వల వేశాడు. మునుపెన్నడూ లేనంతగా చేపలు మూగాయక్కడ. తెల్లారగానే బుట్టలోని పెద్ద శీలావతి చేపని మా ఊరి రైతు సూర్యారావుగారి భార్య బుల్లెమ్మగారికి ఇచ్చాను. వాళ్ల కోడలికి ఏడో నెల, చేపల పులుసు మీద మనసు పోయిందట. మొప్ప ఎత్తి చూపించి, "రక్తంలా ఉందండీ. కళ్లు మూసుకుని పెట్టండి" అన్నాను.

సంతకి బయల్దేరే ముందు మా ఇంటికని ఒక చేప కోశాను. పొట్టలోంచి వడ్లు రాలాయి. కడిగితే గులాబీరంగు. ఆ రంగు నాకు తెలుసు. సూర్యారావుగారి కళ్లంలో విత్తనాల బస్తా మీద పుర్రె బొమ్మ, దాని కింద 'తినరాదు' అన్న అక్షరాలు మొన్ననే చదివాను.

గింజలు ఆకులో చుట్టుకుని, రైతులకి సలహాలు చెప్పే గ్రామసేవక్ కాశీవిశ్వనాథంగారి దగ్గరికి పరుగెత్తాను. చూస్తూనే ఆయన కుర్చీలోంచి లేచిపోయారు.

"పాదరసం మందు పట్టించిన విత్తనం ఇది. బూజు తెగులు రాకుండా పట్టిస్తారు."

"జ్వరం చూసే గాజుగొట్టంలో ఉంటాది, ఆ పాదరసమేనాండీ?"

"అదే. ఈ మందులోది ఇంకా చెడ్డది. చేప మింగితే కండలోకి ఎక్కుతుంది. ఆ చేప తిన్నవాళ్లకి నరాలు, మెదడు దెబ్బతింటాయి. కడుపులో బిడ్డకైతే మరీను."

"ఉప్పూ పసుపూ వేసి తోమేస్తేనండీ?"

"తోమినా పోదు, ఉడికించినా పోదమ్మా."

నేను వెళ్లేసరికి బుల్లెమ్మగారి పొయ్యి మీద దాకలో పులుసు మరుగుతోంది. కోడలు అన్నం ముందు కూర్చుంది.

"బుల్లెమ్మగారండీ, ఆ పులుసు వడ్డించకండి. చేపలో విషం ఉందండి."

ఆవిడ గరిటె దించలేదు. "పొద్దున్న కళ్లు మూసుకుని పెట్టమన్నావు. ఇప్పుడు మీ ఇంటికి చుట్టాలొచ్చేరేంటే, నా చేప మీద కన్ను పడింది?"

"పొద్దున్న అన్నది తప్పండి. నా తప్పేనండి."

నా చేప విషయంలో ఆ మాట అనడం నాకదే మొదలు.

"ఉప్పు చూసేను, అమృతంలా ఉంది. వెళ్లవే!"

నేను కదల్లేదు. ఆకు విప్పి గింజలు అరుగు మీద పోశాను. అప్పుడే చేలోంచి వచ్చిన సూర్యారావుగారి మొహం వాటిని చూసి పాలిపోయింది.

"ఇవెక్కడివి లోవమ్మా?"

"మీ దాకలో చేపకి తోడబుట్టినదాని పొట్టలోవండి."

"నారు పోయగా మిగిలిన బస్తా... వాకిట్లో ఉంటే కోళ్లు తిని చస్తాయని మురుగు కాలువలో పోయించేనే!"

"కోళ్ల సంగతి చూసేరు. చేపలకి నోరుండదేంటండీ?"

ఆయన తువ్వాలుతో దాక పట్టుకుని తనే పెరటి చివరికి మోసుకెళ్లి, నడుం లోతు గొయ్యి తీసి, దాకతో సహా పూడ్చేశారు. నా బుట్టలో తక్కిన చేపలూ అందులోకే పోయాయి. కోడలు కళ్లనీళ్లు పెట్టుకుంటూ మజ్జిగన్నం తింది. "నేను ఉప్పు చూసేను కదే, నాకేమవుతుందే?" అని బుల్లెమ్మగారు నా చెయ్యి వదల్లేదు. రాజోలు డాక్టరుగారి దగ్గరికి నేనే వెంటబెట్టుకుని వెళ్లాను.

ఆ మొగలో వల తీసేయమంటే మా ఆయన ఎగిరిపడ్డాడు. తక్కిన చేపలవాళ్లు, "ఐదో తరగతి డాక్టరమ్మ వచ్చింది" అని నవ్వారు. గింజలు అరచేతిలో పోసి అందరికీ చూపించాను. సూర్యారావుగారు కూడా గట్టు మీదికి వచ్చి, పోయించింది తానేనని ఒప్పుకున్నారు. ఆ ఏడాది పొడుగునా అక్కడ వల పడలేదు. మరుసటి ఏడు మా చేపలవాళ్ల సంఘానికి నన్ను డైరెక్టరుగా ఎన్నుకున్నారు.

భాద్రపదంలో ఆ కోడలికి పిల్లాడు పుట్టాడు. ఏడాది నిండకుండానే నడిచాడు. ఇక బుల్లెమ్మగారు ఏ చేప ముట్టుకున్నా, "ఇది ఏ నీళ్లదే?" అని అడగందే కొనేవారు కాదు. ఆవిణ్ణి చూసి సంతలో తక్కినవాళ్లూ అడగడం మొదలుపెట్టారు. అడిగినా అడక్కపోయినా, ఏ నీళ్లదో చెప్పాకే నేను చేప తూచాను.