ఎర్ర కోడలి ట్యూబు

నా ముఖం రంగు నాది కాదన్న సంగతి అత్తగారింట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదని రెండేళ్లకు పైగా నమ్మాను. ఆ రంగు వేలెడంత ట్యూబులోంచి వచ్చేది. పెళ్లికి ముందు నారాయణపేటలో చీరల దుకాణంలో పనిచేసేదాన్ని. చీరను భుజం మీద వేసుకుని గిరాకీకి చూపించడం మా పని. ముఖం కాస్త తేటగా ఉన్న పిల్లను ముందు నిలబెట్టి, మాలాంటి వాళ్లను వెనక చీరలు మడతపెట్టమనేవాడు సేటు. తోటి పిల్ల ఒకతె ఆ ట్యూబు పేరు చెవిలో చెప్పింది. మెడికల్ షాపులో చీటీ అడక్కుండానే ఇచ్చారు. నెల తిరగకముందే నేనూ ముందుకొచ్చి నిలబడ్డాను.

పెళ్లిచూపుల నాటికి ఆరు నెలలుగా పూస్తున్నాను. మా వైపు తెల్లగా ఉన్నవాళ్లను ఎర్రగున్నరంటారు. వచ్చినవాళ్లు గొర్లు మేపుకునే వాళ్లు, పిల్లగాడు మాత్రం కరెంటు సబ్‌స్టేషన్‌లో నౌకరీ. పిల్లగాడి తల్లి పెద్దగా ఏమీ అడగలేదు. నా చేయి పట్టుకుని గాజులు తొడిగి, ఒళ్లో చీర పెట్టి, లేచిపోయింది. తర్వాత ఊరంతా ఒకటే మాట చెప్పిందట: "మా కోడలు ఎర్రగ బుర్రగ ఉంటది!"

ఆ మాట విన్నప్పుడల్లా కొంగు ముఖం మీదికి లాక్కునేదాన్ని. ట్యూబును పాత జాకెట్టు మడతలో దాచి, స్నానం పేరుతో తలుపేసుకుని పూసుకునేదాన్ని. పోను పోను నా చర్మం ఉల్లిపొరలా పల్చబడింది. పొయ్యి సెగ తగిలినా మంటే, చారు ఆవిరి తగిలినా మంటే. చెంపల మీద సన్నటి ఎర్ర నరాలు తేలాయి. పోనీ ఆపుదామంటే రెండో రోజే దద్దుర్లు. మళ్లీ పూస్తే తగ్గేవి. దొంగ చేతికే తాళాలిచ్చుకుని ఇల్లు భద్రంగా ఉందనుకున్నాను, నా తెలివికి దండం పెట్టాలి!

కడుపుతో ఉన్నప్పుడు నాలుగో నెలలో రెండు చెంపల మీదా మంగు వచ్చింది. కడుపుతో ఉన్నవాళ్లకు చాలామందికి వచ్చేదే, గోధుమ రంగు మచ్చలు. నేను మాత్రం హడలిపోయి, ఒకసారి పూసేది రెండుసార్లు పూయడం మొదలుపెట్టాను.

ఐదో నెలలో పీహెచ్‌సీకి పరీక్షకు పోతే సిస్టరు కార్డు రాస్తూ అడిగింది. "ఏమన్న మందులు వాడుతున్నవా? మింగేటియే గాదు, పూసుకునేటియి గూడ చెప్పాలె. కొన్ని బిడ్డకు మంచియి గావు."

పక్కనే అత్త కూర్చుని ఉంది.

"లేదు సిస్టర్" అన్నాను.

తిరుగు దారిలో, ఆటో గుంతల్లో ఎగురుతుంటే, కడుపులో ఎవరో లోపలినుంచి వేలితో మెల్లగా తట్టినట్టయింది. బిడ్డ కదలడం అదే మొదటిసారి. సంతోషపడాల్సిన ఘడియలో నాకు సిస్టరు మాటే గుర్తొచ్చింది. ముఖానికి పూసింది లోపలికి పోయిందా? పోతే ఎంత పోయింది? ఎవరినడగాలి? ఇంటికి పోగానే ట్యూబు తీసుకుని ఊరిబయట తుమ్మచెట్లలోకి విసిరేశాను. బిడ్డకేమైనా అయితే ఈ ముఖాన్ని నేనే చూసుకోలేను.

మూడో రోజుకు ముఖమంతా పేలింది. ఎర్రటి పొక్కులు, వాపు, కళ్లు సగం మూసుకుపోయాయి. వాడకట్టు ఆడవాళ్లంతా వైద్యులయ్యారు. ఒకామె నిమ్మకాయ పిండమంది, ఇంకొకామె శనగపిండి, పసుపు అంది. ఒకామె ఏకంగా సున్నం అంది! అత్త అందరినీ గుమ్మం దాటించింది.

"మొకమా, పండుగకు అలికే గోడనా? పోండ్రి, పోయి మీ పని జూస్కోండ్రి."

ఆ రోజు దొడ్డిలో గొర్ల ఉన్ని కత్తిరిస్తున్నారు. అత్త ఒక గొర్రె కాళ్లు కట్టి, ఒళ్లో వేసుకుని కత్తెర ఆడిస్తోంది. నేను పోయి పక్కన మట్టిలోనే కూర్చున్నాను. ఇక దాచే ఓపిక లేదు.

"అత్తా, నా రంగు గిది గాదు. ట్యూబు పూసుకున్న. మూడేండ్ల సంది. సిస్టరుకు గూడ అబద్ధం చెప్పిన. బిడ్డకేమన్న అయితదా అత్తా?"

కత్తెర ఆగింది.

"గది నాకేం ఎరుక? డాక్టరమ్మను అడుగుదాం, లే" అని ఒంటిమీది ఉన్ని దులుపుకుంది. ఒక పక్క ఉన్ని ఉండి, ఒక పక్క లేని ఆ గొర్రె కట్లు విప్పి లేపింది. అంతేనా? నేను చెప్పింది సగమే విన్నదేమోనని మళ్లీ చెప్పాను, నా రంగు ఇది కాదని.

"ఎరుకే" అంది.

నేను తలెత్తి చూశాను.

"సంతల గొర్రెను అమ్మెటోడు కడిగి, నూనె రాసి నిలవెడ్తడు. మేం పైకి జూసి కొంటమా? ఉన్ని పాయదీసి తోలు జూస్తం. నీకు గాజులు తొడిగిననాడే నీ చేతులు జూసిన. మొకమొక రంగు, మణికట్టొక రంగు."

"మరి ఊరంత ఎర్ర కోడలని ఎందుకు చెప్పినవ్?"

"నువ్వు దాసుకున్నవ్. నువ్వు దాసుకున్నది నేనెందుకు ఇప్పాలె?"

ఇక్కడ నేను కరిగిపోయానని రాస్తే అబద్ధమవుతుంది. నాకు మండిపోయింది. "ఒక్క మాట అడిగుంటే నా చెంపలన్న మిగులుతుండె గదా! మూడేండ్లు కాల్చుకున్న!" అని అరిచాను. గొర్లు బెదిరి ఒక మూలకు పోయాయి. అత్త వచ్చి నా పక్కన మట్టిలో కూర్చుంది.

"స్నో, పౌడర్ లెక్కనే అనుకున్న బిడ్డా. కాలుతదని తెల్వలే. అడగకపోవుడు నా తప్పే."

డాక్టరమ్మ అంతా విని ముందు గట్టిగా తిట్టింది, తర్వాత స్కానింగు మళ్లీ చూసింది. చర్మం గుండా లోపలికి పోయేది మామూలుగా తక్కువేనని, స్కానింగు బాగుందని, భయపడొద్దని చెప్పింది. ట్యూబు మాత్రం మళ్లీ ముట్టొద్దు. ఆపినందుకు ముఖం కొన్ని వారాలు ఇలాగే అల్లరి పెడుతుంది, ఓర్చుకోవాలి. చన్నీళ్లతో కడగడం, మెత్తటి గుడ్డతో రుద్దకుండా అద్దడం, కాళ్ల పగుళ్లకు రాస్తారే ఆ తెల్ల జెల్లీ పల్చగా రాయడం, ఎండలో ముఖం మీదికి కొంగు. ఇంతే. చిన్న జెల్లీ డబ్బా కాన్పు దాకా వచ్చింది, ట్యూబు ఖర్చులో సగం కూడా కాలేదు.

మిగతాది అత్త చూసుకుంది. ఉన్ని కత్తిరించిన గొర్లను నాలుగు రోజులు మిట్టమధ్యాహ్నం ఎండకు తోలదు, చెట్టు నీడకే మేపుతుంది. నాకూ అదే చట్టం పెట్టింది. బట్టలు ఆరేసేది తనే, పొయ్యి దగ్గరా తనే. నేను వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీసేదాన్ని. చేయి ముఖం మీదికి పోతే చాలు, "ఆఁ! గోకకు!" అని దొడ్డిలోంచే అరిచేది.

రెండు నెలలకు మంట తగ్గింది. పొక్కులు మానాయి. అడుగున నా అసలు రంగు, మా అమ్మ రంగు, నెమ్మదిగా బయటికొచ్చింది. మంగు మాత్రం పోలేదు. దారిలో ఒకామె ఆగి, "అయ్యో, నీ ఎర్ర కోడలు గింత నల్లవడ్డదేందే?" అంటే, అత్త నడక ఆపకుండానే, "అది మోస్తున్నది, నీ లెక్క ఖాళీ లేదు" అంది. నవ్వు ఆపుకోలేకపోయాను. కానీ బిడ్డ సంగతి? డాక్టరమ్మ ఎంత చెప్పినా, ఆ భయం నాతోనే కాన్పుగదిలోకి వచ్చింది.

ఆడపిల్ల పుట్టింది. సిస్టరు చేతికివ్వగానే వేళ్లు లెక్కపెట్టాను, కాళ్లు చూశాను, కళ్లు తెరిచేదాకా పక్కన పడుకోబెట్టలేదు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. గట్టిగా ఏడ్చాను, బిడ్డకంటే గట్టిగా.

మర్నాడు పొద్దున వార్డులో పక్క మంచం ముసలమ్మ తన మనవడి చెవులు తిప్పి తిప్పి చూస్తోంది. పుట్టినప్పుడు పిల్లలంతా ఎర్రగానే కనిపిస్తారనీ, చెవి అంచు చూస్తే అసలు రంగు తెలుస్తుందనీ మా పెద్దవాళ్ల నమ్మకం. అత్త చాయ్ తేవడానికి పోయింది. నేను నా బిడ్డ తల మీది గుడ్డ కొంచెం తొలగించి, చెవి మడత విప్పి, వెలుతురు వైపు తిప్పాను.

"చెవి జూస్తున్నవా?"

అత్త చాయ్ గ్లాసుతో వెనక నిలబడి ఉంది.

"లేదు" అన్నాను. సిస్టరుకు చెప్పిన "లేదు" ఎలా వచ్చిందో అలాగే వచ్చింది, ఆలోచించకుండా. సిగ్గుతో తల వంచుకుని, "చూసిన అత్తా" అన్నాను.

ఆమె గ్లాసు కింద పెట్టి, గుడ్డ మళ్లీ చెవుల మీదికి లాగి సర్దింది.

"దీని మొకానికి ఎవ్వలు ఏం పుయ్యొద్దు" అంది. "ఆ ఎవ్వలల్ల ముందు నువ్వున్నవ్."