మాటా ఆయనదే, బాణీ ఆయనదే

ఎనభైల మొదట్లో, మేం న్యూజెర్సీలో ఉన్నప్పుడు, ఒక ముసలాయన్ని చూసి కుళ్లుకున్నంతగా నేనింకెవర్నీ చూసి కుళ్లుకోలేదు. ఆయన ఇంగ్లండ్‌లో పుట్టిన సంగీతకర్త. కవి కూడా. తన కవితలకి తానే సంగీతం రాసుకుని, అక్కడ మేమున్న ఊరి కోరస్ బృందంతో పాడించేవాడు. ఆ కోరస్‌లో నా భార్య పాడేది.

నేనూ పాటలు రాసేవాణ్ణి. ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో మా తెలుగువాళ్ల ఆరాధన జరిగేది. అక్కడ పాడే కొత్త పాటల్లో సగం నావే. అంటే, మాటలు నావి. బాణీ కట్టడం నాకు చేతకాదు. ఏదో పాత కీర్తన పేరు కాగితం పైన రాసి, పక్కన "అదే రాగం" అని పెట్టేవాణ్ణి. మా నాన్నా అలాగే రాశాడు. మా చర్చిల్లో అదేమీ తప్పు కాదు.

నా పాట ఒక్కసారి వింటే నా భార్యకి వచ్చేసేది. సోమవారానికి మరిచిపోయేది కూడా. ఆయన పాటనైతే పెన్సిలుతో గుర్తులు పెట్టుకుని, గిన్నెలు కడుగుతూ కూడా నెలల తరబడి సాధన చేసేది.

"ఏవండీ, ప్రాక్టీస్‌కి లేట్ అవుతోంది. కాస్త డ్రాప్ చేయరూ?"

దింపి వచ్చేవాణ్ణి. దారంతా ఒళ్లు మండిపోయేది. నా పాట ఒక్కటైనా ఆమె అలా పట్టుకు తిరిగితే చాలనుకునేవాణ్ణి.

ఒక ఏడాది మా ఆరాధనలో క్రిస్మస్‌కి పాట నేను రాయాలి, ఆమె ఒక్కతే పాడాలి. వంటింట్లోంచి విని విని నాకూ పట్టుబడిన ఆయన బాణీ ఒకదానికే మాటలు కూర్చాను. కసితోనే కూర్చాను. పాడి వినిపించగానే ఆమె పోల్చుకుంది.

"ఆయన్ని అడిగారా?"

"మనవాళ్లు ఎప్పుడైనా ఎవర్నైనా అడిగారా?"

"ఆ రోజు ఆయన వస్తున్నారండీ. నేనే ఇన్వైట్ చేశాను."

అయినా నేను మొండికేశాను. ఆమె పాడింది. ముందు వరసలో కూర్చున్న ఆయన ముఖం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

భోజనాల దగ్గర ఆయనే నా దగ్గరికి వచ్చాడు. క్షమాపణ చెప్పబోయాను. ఆయన వినిపించుకోలేదు. ఆ బాణీకి తన మాటలు ఎన్నడూ సరిగ్గా అతకలేదట. ఇవెలా అతికాయి, చివరి చరణానికి అర్థమేమిటి అని అడిగాడు. ఆ చరణంలో పుట్టిన బిడ్డని చూడటానికి ఒక గొల్లవాడు అందరికంటే వెనక వచ్చి పశువుల పాక గుమ్మం బయట నిలబడతాడు. ప్రాస కుదిరిందని రాశాను, అంతే.

నా భార్య ఆయనకి ఇంగ్లిష్‌లో చెప్పింది. "ఆ మనిషికి సిగ్గు. మిగతావాళ్లలా తన చేతిలో కానుక ఏమీ లేదని. లోపలున్న బిడ్డ తల్లి మాత్రం ఇంతసేపూ అతని కోసమే చూస్తోంది. పిలిస్తే వస్తాడో రాడోనని ఆమె భయం."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. నేను పళ్లెం పట్టుకుని పక్కనే నిలబడ్డాను. ఇన్నేళ్లలో నా పాట గురించి ఆమె నాతో ఒక్క మాటైనా అనలేదు. ఆ నాలుగు మాటలూ ఆయన ముఖంలోకి చూస్తూ చెప్పింది. ఆయన మీద అంతకుముందు నేను పడ్డ అసూయంతా ఆ క్షణంలో పడ్డ అసూయ ముందు ఎందుకూ కొరగాలేదు.