పచ్చగడ్డి గ్రూపులో పదకొండోవాడు

నేను న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో ఉన్న ఆ రోజుల్లో, శుక్రవారం సాయంత్రం ఆఫీసులో అందరికీ "హ్యావ్ ఎ గుడ్ వీకెండ్" అని చెప్పి బయటపడ్డానంటే మళ్లీ సోమవారం పొద్దున దాకా నోరు తెరవాల్సిన అవసరం ఉండేది కాదు. ఆవులు దాటిపోకుండా పొలాల కంచెలకు కరెంటు పెట్టే పరికరాలు అమ్మే కంపెనీ మాది. వారమంతా ఫోన్లో రైతుల కంచె కష్టాలు వినేవాణ్ని. నా కష్టం వినడానికి మాత్రం శనివారం ఒక్క ఆవు కూడా దొరికేది కాదు. నాతో ఫ్లాట్‌లో ఉండే ఇద్దరు కివీ కుర్రాళ్లు మంచివాళ్లే, కాకపోతే సెలవు రాగానే సర్ఫింగ్ బోర్డులు కారు మీద కట్టుకుని సముద్రం దగ్గరికి చెక్కేసేవాళ్లు. నేను సందు చివర డెయిరీకి వెళ్లి (అంటే పాలకేంద్రం కాదు, అక్కడ చిల్లర కొట్టును అలా అంటారు) అవసరం లేకపోయినా ఒక బ్రెడ్డు కొని, ఆ కొట్టాయనతో వర్షం గురించి నాలుగు ముక్కలు మాట్లాడి వచ్చేవాణ్ని. ఆ లెక్కన నేను ఆ ఊళ్లో ఎంత బ్రెడ్డు బూజు పట్టించానో చెబితే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

అలాంటి నాకు ఆదివారాన్ని ఇచ్చినవాడు పాలన్న. అసలు పేరు వేరే ఉంది గానీ, డెయిరీ ఫారాల్లో పాలు పితికే మిషన్లు రిపేరు చేస్తాడు గనుక ఊళ్లో తెలుగువాళ్లందరికీ ఆయన పాలన్నే. ఒక రోజు ఇండియన్ కొట్లో గోంగూర పచ్చడి సీసా పట్టుకుని, దాని మీద ఉన్న తెలుగు అక్షరాలను ప్రేమగా చదువుకుంటుంటే పక్కకొచ్చి, తెలుగేనా తమ్మీ, క్రికెట్ ఆడతావా అని అడిగాడు. నాకు ఆట రాదని నిజమే చెప్పాను. ఆయన ఏమాత్రం నిరుత్సాహపడలేదు. "ఆట రాకుంటే ఏమాయె, నిలబడుడైతే వస్తది గద. మేం పది మందిమే ఉన్నం" అన్నాడు. నా అర్హతను అంత కచ్చితంగా అంచనా వేసిన ఇంటర్వ్యూ తర్వాత ఎప్పుడూ జరగలేదు.

అలా నేను హామిల్టన్ తెలుగు జట్టులో పదకొండోవాణ్ని అయ్యాను. ఆదివారం చర్చి ప్రార్థన అయ్యాక గానీ మా మ్యాచ్ మొదలయ్యేది కాదు, ఎందుకంటే మా వికెట్ కీపరూ వాళ్ల అన్నయ్యా ప్రార్థన మానుకుని వచ్చే రకం కాదు. ఆట అయ్యాక అందరం, ఒక్కోసారి ఎదుటి జట్టుతో సహా, పాలన్న ఇంటికి వెళ్లేవాళ్లం. కేర్ హోమ్‌లో నర్సుగా రాత్రి డ్యూటీ చేసొచ్చిన వదిన కాసేపు నడుం వాల్చి లేచి అంతమందికీ పప్పుచారు పెట్టి, వేపుడు చేసి ఉంచేది. మేం ఆ పప్పుచారు జుర్రుకుంటూ ఎందుకు ఓడిపోయామో సాయంత్రం దాకా చర్చించేవాళ్లం. పాలన్న ప్రతి శనివారం ఫోన్ చేసి, నువ్వు రాకపోతే మ్యాచ్ జరగదు తమ్మీ అని గుర్తు చేసేవాడు. పదిమందితో కూడా ఆట జరుపుకోవచ్చని నాకు తెలుసు. అయినా ఆ మాట కోసం శనివారమంతా ఫోన్ చేతిలోనే పెట్టుకుని తిరిగేవాణ్ని.

ఇప్పుడు అసలు గొడవలోకి వస్తాను. న్యూజిలాండ్‌లో తెలుగువాళ్లు గుంపుగా ఉన్నది ఆక్లాండ్‌లో. వాళ్లు ప్రతి వేసవిలో పెద్ద టోర్నమెంట్ పెట్టేవాళ్లు. మౌంట్ రాస్కిల్‌కు ఒక జట్టు, హాబ్సన్‌విల్‌కు ఒక జట్టు, ఇలా పేటకొకటి, వాళ్లకు రంగురంగుల జెర్సీలూ, మ్యాచ్‌ను ఫోన్లో లైవ్ చూపించే తమ్ముళ్లూ. ఆక్లాండ్ బయటి ఊళ్లలో ఉన్న మా జట్లన్నిటినీ ఒక గ్రూపుగా కట్టి ఓ మూలన ఉంచారు. కమిటీ మాకు పెట్టిన పేరు 'రీజినల్ గ్రూపు'. ఆక్లాండ్ వాళ్లు పిలిచే పేరు 'పచ్చగడ్డి గ్రూపు' (ఆవుల దేశంలో కూడా మమ్మల్ని వేరుగా ఆవుల్లో కలిపారు). నాకౌట్‌కు నాలుగు జట్లే వెళ్లేవి, ఆ నాలుగూ ఎప్పుడూ ఆక్లాండ్‌వే. మా గ్రూపులో నెగ్గినవాళ్లకు ఒక చిన్న కప్పు, ఒక గ్రూప్ ఫోటో ఇచ్చి పంపేవాళ్లు. ఇది అన్యాయమని మేం ప్రతి ఏడూ పప్పుచారు సాక్షిగా వాపోయేవాళ్లం గానీ, నిజం చెప్పాలంటే అందులో మాకు హాయిగానే ఉండేది.

ఒక ఏడాది కమిటీకి మా మీద దయ పుట్టింది. నాకౌట్‌ను నాలుగు జట్ల నుంచి ఎనిమిదికి పెంచి, అందులో ఒక చోటు మా గ్రూపు విజేతకు రాసిచ్చారు. ఆ ఆదివారం వదిన సేమ్యా పాయసం చేసింది. నా చోటుకు ఎసరు పెట్టిన వార్తకు నేనే పాయసం తాగుతున్నానన్న సంగతి తెలియక ఇంకో గిన్నె అడిగి మరీ తాగాను.

ఆ ఒక్క చోటు మా గ్రూపును నెలలోపే గుర్తుపట్టలేనంతగా మార్చేసింది. అంతకుముందు మ్యాచ్‌కు వస్తూ బుట్టలతో కివీపండ్లు తెచ్చే టౌరంగా జట్టు, ఇప్పుడు వైడ్ బంతుల దగ్గర పేచీలు పెట్టి, ఆట అవగానే చేతులు కలిపి వెళ్లిపోవడం మొదలుపెట్టింది. రోటోరువా కెప్టెన్ మా ప్రాక్టీసును దూరంగా కారులో కూర్చుని గమనించి వెళ్లాడు (నా బ్యాటింగు చూశాక ఆయన ఎంత ధైర్యంగా ఇంటికెళ్లి ఉంటాడో నేను ఊహించగలను). దానికి తోడు, ఆక్లాండ్ జట్లలో చోటు దొరకని మొనగాళ్లకు మా గడ్డి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. అక్కడ పేట జట్లలో చోటు కోసం కొట్టుకోవడం కంటే మా దారిలో నాకౌట్‌కు రావడం సులువని వాళ్లు కనిపెట్టారు. అలా మా జట్టులోకి మౌంట్ రాస్కిల్ నుంచి ముగ్గురు దిగారు. అందులో ఒకడు విపరీతమైన వేగంతో బంతి వేసేవాడు, వాణ్ని మేం ఎక్స్‌ప్రెస్ అని పిలిచేవాళ్లం. వాడి బంతి మా కీపర్ గ్లవ్స్‌లో పడ్డప్పుడల్లా అతను ఏసయ్యను తలుచుకునేవాడు.

ముగ్గురు వస్తే ముగ్గురు బయటికి పోవాలి కదా. పాలన్న నన్ను పక్కకు పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు. "తమ్మీ, మనసుల పెట్టుకోకు. ఈ ఒక్క సీజన్ బయట ఉండు, నీళ్ల సంగతి నువ్వు చూస్కో" అన్నాడు. అయ్యో దానిదేముందన్నా, జట్టు ముఖ్యం అని నేను పెద్దమనిషిలా జవాబిచ్చాను. ఇంటికెళ్లి చాలాసేపు కారు దిగలేదు. ఏడుపొచ్చిందని చెప్పుకోవడానికి సిగ్గుపడే వయసు దాటిపోయింది గనుక చెబుతున్నాను, వచ్చింది. పైగా ఆ ముగ్గురూ పొద్దుపోకముందే ఆక్లాండ్ చేరాలి గనుక పాలన్న ఇంట్లో భోజనాలు కూడా ఆగిపోయాయి. గ్రౌండ్ దగ్గరే నిలబడి బర్గర్లు తిని ఎవరి కార్లు వాళ్లు ఎక్కేవాళ్లం. శనివారం ఫోనూ లేదు. వాట్సాప్‌లో జట్టు పేర్లు వచ్చేవి, అన్నిటికన్నా కింద నా పేరు, పక్కన ఒక నీళ్లసీసా బొమ్మ.

ఏదైతేనేం, మా గ్రూపులో మేమే నెగ్గాం. క్వార్టర్ ఫైనల్ ఆక్లాండ్‌లో, హాబ్సన్‌విల్ జట్టుతో. మేం బౌలింగులూ బ్యాటింగులూ అన్నీ లెక్కలు వేసుకున్నాం గానీ, ఒక తెలుగు మనిషిని జట్టులోకి తీసుకునేటప్పుడు అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న అడగడం మరిచిపోయాం. మీ చుట్టాలెవరు బాబూ అని. ఆ రోజు గ్రౌండ్‌లో కారు దిగీ దిగగానే ఎక్స్‌ప్రెస్ గబగబా నడుచుకుంటూ వెళ్లి, హాబ్సన్‌విల్ కెప్టెన్ భుజం మీది కిట్ బ్యాగు అందుకుని తన భుజాన వేసుకున్నాడు. పాలన్న మొహం మాడిపోయింది. ఆ కెప్టెన్ ఎక్స్‌ప్రెస్‌కు సొంత బావ, అక్క మొగుడు. అంతటితో అయిపోలేదు. కూతురి దగ్గరికని కరీంనగర్ నుంచి వచ్చిన ఎక్స్‌ప్రెస్ వాళ్లమ్మ, అల్లుడి ఆట చూద్దామని మడత కుర్చీ వేయించుకుని బౌండరీ తాడు పక్కనే కూర్చుంది. ఆవిడకు క్రికెట్ తెలియదు. అల్లుడి మర్యాద బాగా తెలుసు.

బావగారు బ్యాటింగుకు వచ్చారు. ఎక్స్‌ప్రెస్ అలవాటు కొద్దీ వేసిన మొదటి బంతి నేరుగా ఆయన తొడకు తగిలింది. బావగారు కుంటుతూ ఒక చుట్టు తిరిగారు. వాళ్లమ్మ కుర్చీలోంచి లేచి, అరవకుండానే అందరికీ వినపడేలా, "చేతిల ఉన్నది బంతా, రాయారా?" అని అడిగింది. ఆ తర్వాత ఎక్స్‌ప్రెస్ వేసిన బంతులను బంతులనడం తప్పు. పీటల మీద కూర్చున్న పెళ్లికొడుక్కి తాంబూలం అందిస్తున్నట్టు ఉన్నాయి. బావగారు వాటిని నాలుగు దిక్కులకూ బాదుతున్నారు.

అంతలో ఒక బంతి నెమ్మదిగా వెళ్లి, బావగారి ఊపును తప్పించుకుని, మధ్య వికెట్‌కు సరిగ్గా ఎదురుగా ప్యాడ్‌కు తగిలింది. కళ్లు లేనివాడికి కూడా కనిపించే ఎల్బీడబ్ల్యూ. కానీ ఎవరో ఒకరు అప్పీలు చేస్తేనే అంపైర్ ఔట్ ఇవ్వాలన్నది రూలు. ఎక్స్‌ప్రెస్ అప్పీలు చెయ్యలేదు, పరుగున ముందుకెళ్లి "బావా, తాకిందా?" అని అడిగాడు. మా కీపర్ ఎత్తబోయిన చేతిని తల మీదికి మళ్లించి గోక్కున్నాడు. మా వాళ్లంతా, పాలన్నతో సహా, బిక్కమొహాలు వేసుకుని అత్తగారి కుర్చీ వైపు చూస్తున్నారు. అంపైర్‌గా నిలబడ్డ కివీ ముసలాయన వేలు సగం లేపి, ఎవరైనా అడుగుతారేమోనని పాపం ఆశగా ఎదురుచూస్తున్నాడు. అడిగింది నేనొక్కణ్నే. తాడు బయట, రెండు చేతుల్లో నీళ్లసీసాలు పైకెత్తి, జీవితంలో ఎన్నడూ అరవనంత గట్టిగా అడిగాను. బయటివాడి అప్పీలు చెల్లదట, ఆయన వేలు జేబులోకి వెళ్లిపోయింది. అంత పెద్ద గ్రౌండ్‌లో నా ఒక్కడి గొంతే అలా తిరిగి తిరిగి ఆగిపోయింది. కుర్చీలో ఉన్న పెద్దావిడ నా వైపు తిరిగి, "ఎందుకు బిడ్డా గట్ల ఒర్రుతున్నవ్, దూపైతుందా?" అంది. చేతిలో నీళ్లసీసాలున్నవాణ్ని దాహమేస్తోందా అని అడిగిన ఆ తల్లి, తర్వాత డబ్బాలోంచి సకినాలు తీసి పెట్టి, ఎక్కడుంటావు, ఎవరు వండి పెడతారు అని కూడా అడిగింది. ఆ సీజన్ మొత్తంలో నన్ను ఆ ప్రశ్న అడిగింది ఆవిడే.

చిత్తుగా ఓడిపోయాం. ఎక్స్‌ప్రెస్ ఆ రోజు బావగారింట్లోనే భోజనం చేశాడని, మటన్ కూర వడ్డించారని తర్వాత తెలిసింది. వాడి మీద నాకు కోపం లేదు, వాడి స్థానంలో నేనున్నా బ్యాగు మోసేవాణ్ని. కానీ మిగతా జట్లు ఊరుకోలేదు. కమిటీకి ఫిర్యాదులు వెళ్లాయి. ఆక్లాండ్‌లో నివసించేవాళ్లు ఇకపై బయటి ఊళ్ల జట్లకు ఆడకూడదని రూలు పెట్టారు. మొనగాళ్లు ముగ్గురూ వెళ్లిపోయారు. నా చోటు నాకు తిరిగొచ్చిందని లోలోపల గంతులేశాను. ఆ సంబరంలో ఉండగానే మా కంపెనీ నన్ను ఆక్లాండ్ ఆఫీసుకు మార్చింది.

మౌంట్ రాస్కిల్‌లో గది తీసుకున్నాను. ఆదివారం ఆదివారం డ్రైవ్ చేసుకుంటూ హామిల్టన్ వచ్చి ఆడదామని నా ఆలోచన. అప్పుడు గానీ తట్టలేదు, ఆ రూలు ఇప్పుడు వర్తించేది ఒక్క నాకే అని. పాలన్న నా ముందే కమిటీ సెక్రటరీ అంకుల్‌కు ఫోన్ చేశాడు. "అంకుల్, మీరు రూలు పెట్టింది మంచిగ ఆడెటోళ్లను ఆపెతందుకు గద. ఈ తమ్మికి ఆట రాదు. మా దిక్కు అందరికి తెల్సు, కావాల్నంటే రోటోరువా వాళ్లను అడుగుండ్రి" అని నా తరఫున గట్టిగా వాదించాడు. నా గురించి ఇంకెవరూ అంత ప్రేమగా అంత చెడ్డ మాట చెప్పలేదు. ఫోన్ స్పీకర్‌లో అంకుల్, "నిజమేనయ్యా, కానీ రాదని రుజువు చేసే పద్ధతి మన దగ్గర లేదు కదా" అన్నాడు.

అయినా కొత్త సీజన్‌లో ఒక ఆదివారం ఊరుకోలేక వెళ్లాను. మావాళ్లు పది మందే ఉన్నారు. నేను తాడు బయట గడ్డి మీద కూర్చున్నాను. పాలన్న ఫీల్డర్లను సర్దుతున్నాడు గానీ, దూరంగా పైన్ చెట్ల వైపు ఒక మూలను వదిలేశాడు. అటు ఎవరూ లేరేమన్నా అని కీపర్ అడిగితే, "ఆడ తమ్మి నిలవడ్తుండె" అన్నాడు, అదే జవాబైనట్టు. కాసేపటికి ఎదుటి జట్టు కుర్రాడొకడు గాల్లోకి లేపిన బంతి సరిగ్గా ఆ మూలకే వెళ్లి, ఖాళీ గడ్డి మీద పడి, తాడు దాటి చెట్లలోకి దొర్లింది. మా వాళ్లెవరూ బంతి వైపు చూడలేదు. పదిమందీ నా వైపు చూశారు. బంతి వెతికి తెచ్చి నేనే విసిరాను, అది సగం దూరం కూడా వెళ్లలేదు. పాలన్నే నడిచొచ్చి తీసుకుంటూ, "నువ్వుంటే పట్టుకుంటుంటివి" అన్నాడు. ఆ మాట అబద్ధమని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు, ఆ రోటోరువా కెప్టెన్‌కు మరీ బాగా తెలుసు.

ఇప్పుడు హాబ్సన్‌విల్‌లో ఇల్లు కొనుక్కుని సెటిల్ అయ్యాను. పుట్టినరోజులకూ పూజలకూ పిలుపులు వస్తూనే ఉంటాయి, ఎక్కడికెళ్లినా హాలు నిండా మనుషులుంటారు. నేను వెళ్లకపోయినా కేకు కోసేస్తారు, అది తప్పని నేననను. ఈ మధ్య నాకౌట్‌ను పన్నెండు జట్లకు పెంచుదామని కమిటీలో మాట వచ్చిందట, చిన్న ఊళ్లకు మేలు జరుగుతుంది కదా, మీరేమంటారు అని ఒకతను ఫోన్ చేసి అడిగాడు. జరుగుతుందనే చెప్పాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. మా అబ్బాయి వచ్చి ఎందుకు నవ్వుతున్నావని ఇంగ్లీషులో అడిగితే, ఒకప్పుడు నేను గొప్ప ఫీల్డర్‌నని చెప్పాను. వాడు నమ్మేశాడు.