ఫైళ్లు పెట్టేంతవరకే

బందరులో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో సర్వర్ చూసుకోవడం నా పని. ఆ పని నేర్పినాయన్ని మావయ్యగారూ అని పిలిచేదాన్ని. చుట్టరికమేమీ లేదు. సర్వర్ పెట్టిందే ఆయన. పక్షవాతం వచ్చి తగ్గాక, సొంతూరు దగ్గరని నాగాయలంక బ్రాంచికి వెళ్లిపోయారు. అక్కణ్నుంచే సర్వర్‌లోకి వచ్చి ఏదో ఒకటి సర్దుతూ ఉండేవారు.

ఓ పొద్దున గుడివాడ బ్రాంచి రిపోర్టులన్నీ మాయమయ్యాయి. ఒక ఫోల్డర్ ఖాళీ చేయబోయి ఆయన ఇంకోటి తుడిచేశారు. బ్యాకప్‌లోంచి వెనక్కి తెచ్చాను. ఓనరుగారు అరవలేదు.

"బ్రాంచిల వాళ్లు ఫైళ్లు పెట్టాలి, తీసుకోవాలి. అంతకుమించి ఎవరూ లోపలికి రాకూడదమ్మా. ఆయన కూడా."

సరేనండీ అన్నాను. బ్రాంచిల యూజర్లందరినీ ఒక గ్రూపులో వేశాను. ఎవరి ఫోల్డర్ వాళ్లదే. దాన్ని దాటి చూడలేరు, కమాండ్లు కొట్టలేరు. ఆయన్ని చేర్చేటప్పుడు ఏమైనా అనిపిస్తుందేమో అనుకున్నాను. ఏమీ అనిపించలేదు.

మధ్యాహ్నం ఆయన ఫోన్ చేశారు. జబ్బు తర్వాత మాట ముద్దగా వస్తోంది.

"అమ్మాయ్, పాస్‌వర్డ్ తీసుకుంటోంది, వెంటనే బయటికి తోసేస్తోంది."

"ఇకనుంచి ఫైళ్లు పంపడం వరకేనండీ మావయ్యగారూ. ఓనరుగారు చెప్పారు."

ఆయన వైపు కీబోర్డు చప్పుడు వినపడింది.

"ఫైళ్లు కూడా వెళ్లట్లేదమ్మా. ఆ ఫోల్డర్ ఎవరి పేరు మీదుంది?"

చూశాను. "మీ పేరు మీదేనండీ."

"అదీ సంగతి. మనిషిని ఫోల్డర్ దాటనివ్వకూడదంటే ఆ ఫోల్డర్ అడ్మిన్ పేరు మీదుండాలి. లేకపోతే సర్వర్ ఒప్పుకోదు. దాని లోపల ఇంకో ఫోల్డర్ పెట్టి, అది నా పేరు మీద పెట్టు."

ఆయన చెప్తూ ఉంటే టైప్ చేశాను. నాగాయలంక నుంచి ఒక ఫైలు వచ్చి పడింది.

"వచ్చిందండీ. కమాండ్లు కొట్టి చూడండి, తీసుకుంటుందేమో."

"తీసుకోవట్లేదమ్మా. బాగానే కుదిరింది," అని పెట్టేశారు.

డబ్బా తెరిచి అన్నం తిన్నాను. ఏం కూర తెచ్చుకున్నానో ఇప్పుడు అడిగితే చెప్పలేను.

ఆ తర్వాత మోపిదేవి గుడికి వెళ్లినప్పుడు, అంతదూరం వెళ్లాను కదా అని ఆయన్ని చూడ్డానికి వెళ్లాను. అత్తయ్యగారు భోజనం పెట్టారు. చేపల పులుసు బాగుందన్నాను. సర్వర్ మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. బస్సు వచ్చేదాకా ఆయన రోడ్డు మీదే నిలబడ్డారు, ఎడమచెయ్యి కుడిచేత్తో పట్టుకుని.