ఆపబడిన మోత

బందరులో రొయ్యల మేత అమ్మే ఒక సంస్థలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం చేశాను. ఘంటసాల వైపు మా దివాణమూ పొలాలూ నాన్నగారి హయాంలోనే పోయాయి. నాకు మిగిలింది ఇంటిపేరూ, ఎవరి ముందూ నడుము వంచని అలవాటూ.

మా నాగాయలంక శాఖలో రైతులు తెచ్చిన చెరువు నీళ్లను పరీక్షించి, ఫలితాలు అక్కడి డేటాబేస్‌లో ఎక్కించేవారు. అది నడుస్తోందో లేదో ఫోను లైను మీదుగా కనిపెట్టే సాఫ్ట్‌వేర్ నా కంప్యూటర్‌లో ఉండేది. డేటాబేస్ ఆగితే కుయ్యిమని మోగేది. దివిసీమలో రోజూ మధ్యాహ్నం కరెంటు కోత. అందుకని రోజూ మోగేది. ఒకనాడు ఫోనులో ఆ మోత విన్న గుడివాడ శాఖ మేనేజరు, "ఏంటి బావగారూ, దివాణంలో ఎవరో ఏడుస్తున్నారు, అన్నం పెట్టలేదా?" అన్నాడు. ఆ సాయంత్రమే మోత ఆపేశాను.

రెండు వారాల తరవాత ఒకరోజు, కోత అయి కరెంటు వచ్చినా ఆ డేటాబేస్ తిరిగి లేవలేదు. అక్కడి ఆపరేటరు సాయంత్రం దాకా ఎక్కించిన ఫలితాలు స్క్రీను మీద కనబడ్డాయే గాని ఎక్కడా నిలవలేదు. మర్నాడు రైతులు వచ్చి అడిగితే చూపడానికి ఏమీ లేదు. ఆవిడ అసలు ఎక్కించనేలేదని బందరు మేనేజరు తేల్చేసి, నెలాఖరు తరవాత పనిలోకి రావద్దన్నారు. ఆవిడ నాకు ఫోను చేసింది.

"నేను ఎక్కించానండీ. మీ మిషన్లో తెలుస్తుంది కదండీ, కాస్త చూసి చెప్పండి."

చూస్తానన్నాను. చూడవలసిందేమీ లేదు. సంగతి నాకు తెలుసు. మోత ఉంటే డేటాబేస్ లేవలేదని ఆ మధ్యాహ్నమే తెలిసేది.

ఆ వారమే సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్ల దగ్గర్నుంచి ఒక ఫారం వచ్చింది. వాడేవాళ్లు సూచనలు పంపాలి. ప్రతి సూచన కిందా, ఆ అవసరం ఎలా తెలిసిందో రాయాలి. కోత వేళలు ముందే నమోదు చేసుకునే వీలుండాలనీ, ఆ వేళల్లో ఊరుకుని, కరెంటు వచ్చాక కూడా డేటాబేస్ లేవకపోతేనే మోగాలనీ రాశాను. కింద, "రోజూ మోగుతున్నందున మోత ఆపబడినది" అని రాశాను.

మళ్లీ చదువుకున్నాను. ఆ వాక్యంలో మనిషి లేడు. మా ఇంట్లో పాత కాగితాలన్నీ ఇలాగే ఉండేవి. పొలం విక్రయింపబడినది, తోట స్వాధీనపరచబడినది. మావాళ్లు ఏదైనా చేసినట్టు ఒక్క కాగితంలోనూ ఉండదు. ఆ వాక్యం కొట్టేశాను. "మోత నేనే ఆపాను. ఫలితాలు పోవడంలో నాగాయలంక ఆపరేటరు తప్పు లేదు" అని రాసి, సంతకం పెట్టి, పంపేముందు చూడమని మేనేజరు బల్ల మీద ఉంచాను.

ఆయన కొట్టివేతను కూడా చదివారు.

"ముందు రాసిందే బాగుందండీ. మన సంగతులు వాళ్లకెందుకు?"

"ఇది ఇలాగే వెళ్తుందండీ. మీరు ఆవిడకి ఫోను చేయండి."

కాగితం మీద నా సంతకం చూసి, ఫోను దగ్గరికి లాక్కున్నారు. ఆవిడని ఎప్పటిలాగే రమ్మన్నారు. నాకు మెమో ఇచ్చారు. నిలబడే తీసుకున్నాను.

తరవాత నేనూ ఫోను చేసి, రాసిందంతా ఆవిడకి చదివి వినిపించాను. క్షమించమని కూడా అన్నాను. ఆ మాట నోటికి అలవాటు లేక తడబడింది. అంతా విని ఆవిడ అడిగింది.

"మోత బందర్లో ఒక్కచోటే ఎందుకండీ? ఆ మిషను పక్కన కూర్చునేది నేను కదండీ. నా దగ్గర కూడా మోగాలని రాయండి."

రెండో సూచనగా అదే రాశాను. ఎలా తెలిసిందన్నచోట, ఇది నాగాయలంక ఆపరేటరు గారు చెప్పినది అని రాసి, టపా కట్టేలోగా నేనే పోస్టాఫీసుకి తీసుకెళ్లి ఇచ్చాను.