రెండు ఫోన్లు, సరిత టీచర్ పది వేళ్లు

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పెంచి చెబుతాను. మా షాపుకు పదిమంది వస్తే తల్లాడ అంతా తరలివచ్చిందంటాను. ఇదీ ఆ లెక్కలోనే చదువుకోండి.

2024 వేసవి చివర. తల్లాడలో మా మొబైల్ షాపు అగ్గిపెట్టె కన్నా రెండంగుళాలు పెద్దది. బొగ్గు గనిలో పనిచేసే రమేశ్ తన చెల్లెలు సరితను తీసుకొచ్చాడు. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. భద్రాచలం అవతల, అడవి అంచున ఒక బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. సోమవారం మొదటి క్లాసు. ఫోన్ చెవిలో పాఠం చదువుతుంటే ఆమె పిల్లలకు చెప్పాలి. నాలుగేళ్లు వాడిన ఆండ్రాయిడ్ ఫోనేమో కిందపడి చచ్చింది.

"నా చెల్లె టీచరమ్మ అయింది. ఐఫోనే ఇయ్యి," అన్నాడు రమేశ్.

"వాడేది నేను గదనే. రెండూ చూపియ్యమను," అంది సరిత.

ఫోన్ లోపల అన్ని పనులూ నడిపే పెత్తందారు ఆపరేటింగ్ సిస్టమ్. ఐఫోన్‌కొకటి, ఆండ్రాయిడ్‌కొకటి. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ రెండింట్లోనూ ఉంటుంది. దాన్ని నడపడానికి తెర మీద వేళ్లతో చేసే సైగలే ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటాయి. అది చెప్పడం మానేసి, అలవాటు కొద్దీ కెమెరా గొప్పలు ఎత్తుకున్నాను.

"ఫొటోలు మస్తుగ పడతయమ్మా."

"తియ్యుండ్రి. ఎట్లున్ననో మా అన్న చెప్తడు."

కెమెరా గొప్పలు అక్కడే వదిలి, రెండు ఫోన్లూ ఆమె ముందు పెట్టాను.

"ఇయ్యాల్టి వార్త ఒకటి రెండిట్ల తెరువుండ్రి," అంది. "నేను విని చెప్త. మీరు మీ ఫోన్ల చూసుకుంట తప్పులు పట్టుండ్రి. బడిల పెద్దసారు ఒక నెల చూస్తనన్నడు. ఆగి ఆగి చెప్తే పిల్లలు నవ్వుతరు, సారు పంపిస్తడు."

ఇయర్‌ఫోన్ పెట్టుకోగానే ఐఫోన్ తెర నల్లబడింది. ఛార్జర్ కోసం పరుగెత్తాను, షాపులో పరుగెత్తడానికి రెండడుగులే ఉన్నా.

"చార్జింగ్ ఉంది. తెర నేనే బంద్ జేసిన. నేను చూడని వెలుగు దండుగ గద."

ఐఫోన్‌తో వార్త చెబుతూ సరిత మూడుచోట్ల ఆగింది. రమేశ్ ముఖం వాడిపోయింది.

"ఫోన్ మంచిదే అన్నా. నా వేళ్లే పాత సైగలు చేస్తున్నయ్. నేర్సుకుంటే వస్తది, సోమవారంలోపల రాదు."

ఆండ్రాయిడ్ అందుకుంది. ఫోన్ గొంతు వేగం పెంచి, రెండో ఇయర్‌ఫోన్ నాకిచ్చింది. అది మాటలా లేదు, కాలిన పెనం మీద నీళ్లు చిలకరించినట్టుంది. ఆ వేగాన్ని ఒక చెవితో వింటూనే, నోటితో మాత్రం నిదానంగా, కథ చెప్పినట్టు చెప్పుకుపోయింది. చెవి ఒక వాక్యం ముందు, నోరు ఒక వాక్యం వెనక. రీచార్జికి వచ్చినాయన నంబరు మర్చిపోయాడు. రోడ్డు మీద లారీలు ఇంజన్లు ఆపుకున్నాయి. ఒక్కచోట ఒక్క మాట తప్పిపోతే నేను పట్టుకున్నాను.

రమేశ్ ఐఫోన్‌ను నా వైపు జరిపాడు. "ఇన్నేండ్లు ఒక్కింట్ల ఉన్నం. నువ్వు గిట్ల చదువుతవని నాకు తెల్వదే," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "అదే ఇయ్యన్నా."

ఇరవయ్యేళ్లుగా ఫోన్‌ను కళ్లే ఎంచుకుంటాయనుకున్నాను. ఇప్పుడు ఎవరొచ్చినా ముందు వాళ్ల పాత ఫోన్ అడుగుతాను. వేళ్లకు ఏది వచ్చో చూశాకే కొత్తది బయటికి తీస్తాను.

ఇక కల్పించిందేదో చెప్పాలి. లారీలు ఆగలేదు, అది మీరే కనిపెట్టి ఉంటారు. అసలు కల్పన నేను పట్టానన్న ఆ ఒక్క తప్పు. నా ఫోన్‌లో వార్త చివరి చుక్కదాకా వేలు పెట్టి చూశాను, ఒక్క మాటా పోలేదు. ఉన్నదున్నట్టు రాస్తే నేను పెంచాననుకుంటారని, జీవితంలో మొదటిసారి తగ్గించి రాశాను.